ఊచకి రెండు కొసలు

సౌము బడినుంచి వచ్చి సంచీ విసిరేసింది.
"ఇంగ్లీషు టీచరు గడియారం చూపించి పది అంది.
గంట కొట్టారు.
స్వాహిలీ టీచరు వచ్చి, పక్కకి జరగని అదే ముల్లు చూపించి
నాలుగు అంది.
మధ్యలో ఆరు గంటలు ఎవరు తినేశారు నాన్నా?"

నా చేతుల నిండా గొలుసు నూనె.
ఎదురుగా మచానో ముసలాయన సైకిలు
తలకిందులుగా, వెనక చక్రం ఆకాశానికి పెట్టి.
దారిలో గుచ్చుకున్న ముళ్ళు పీకి బతికేవాణ్ణి,
ముల్లు చదవడం నేర్పాల్సి వచ్చింది.

మా పెంబా దీవిలో
రోజు అర్ధరాత్రి పుట్టదు.
అందరూ పడుకున్నప్పుడు పుడితే చూసేదెవరు?
పొద్దు పొడిచాక నిండే మొదటి గంట, అదీ ఒకటి.
మా అమ్మ అలాగే చెప్పింది, వాళ్ళమ్మా అలాగే.
గడియారం చేసినవాడు ఇటువైపు వచ్చి
మమ్మల్ని ఒక్కమాట అడగలేదు.

ఇదంతా ఆరేళ్ళ పిల్లకి ఎక్కుతుందా!
సుద్దముక్క ఇచ్చి
టైరు పక్కన చుట్టూ అంకెలు వెయ్యమన్నాను.
ఎనిమిది దగ్గరే చోటు అయిపోయింది.
తుడిచి, మళ్ళీ.
ఈసారి పన్నెండూ పట్టాయి గానీ
తొమ్మిది అద్దంలో చూసుకున్నట్టు తిరగబడింది.
ఉండనీ అన్నాను.

పాత ఊచలు రెండు కలిపి కట్టి
ఇరుసు మీద అడ్డంగా ఆనించాను.
ఒక కొసకి ఎర్రరంగు.
"ఎర్ర కొస పది మీద ఉంది. తోక ఎక్కడుంది?"
వంగి, వేలు పెట్టి, పెదాలు కదిపి,
"నాలుగు!"
తిప్పింది. ఏడుకి ఒకటి. ఎనిమిదికి రెండు.
పన్నెండుకి ఆరు వచ్చేసరికి
తనే కనిపెట్టినట్టు నావైపు చూసింది.

"మరి ఏది నిజం?"

నా చిన్నప్పటి ఓడ టిక్కెట్టు గుర్తొచ్చింది.
ఏడింటికి అని రాసుంది.
మాకు ఏడంటే మిట్టమధ్యాహ్నం దాటి, అన్నం వేళ.
తాపీగా తిన్నాను. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.
రేవుకి పోయేసరికి
నీళ్ళ మీద ఓడ గీసిన గీత కూడా చెరిగిపోయింది.
ఉంగూజాలో అక్క పెళ్ళి నేను లేకుండానే అయింది.
ఇప్పటికీ అక్క నన్ను పేరు పెట్టి పిలవదు,
"ఒరేయ్ ఏడూ" అంటుంది.

"రెండూ నిజమే," అన్నాను.
"టిక్కెట్టు మాత్రం ఎర్ర కొస చూస్తుంది. గుర్తుపెట్టుకో."

"పెద్ద ముల్లు మూడు మీదుంటే పదిహేను అంటారెందుకు?"
"అది రేపు."
"రేపు ఏ కొస నుంచి మొదలవుతుంది?"
నేను గాలిపంపు అందుకున్నాను.

మచానో తొందరగా వచ్చాడు, అంకెలు తుడవనివ్వలేదు.
"డబ్బు రెండింటికి తెచ్చిస్తా."
"ఏ రెండు?" అంది సౌము.
ముసలాయన నవ్వి, పెడలు మీద కాలేసి,
చాపల మీద లవంగాలు ఎండుతున్న రోడ్డు వెంట పోయాడు.
చక్రం వెనకాలే సౌము పరుగు.
మలుపు దాకా పోయి, రొప్పుతూ తిరిగొచ్చింది.
జుట్టు నిండా లవంగాల వాసన.

"నాన్నా, నాలుగూ పదీ కనపడలేదు.
నా తిరగబడ్డ తొమ్మిదీ కనపడలేదు.
అన్నీ కలిసి ఒక్కటే తెల్లటి గీత,
గుండ్రంగా."

అలాగా, అన్నాను. ఇంకేం తోచలేదు.

ఇప్పుడు దీపం పెట్టే వేళ కూడా దాటింది.
ఆ రెండూ అయిపోయింది,
ఈ రెండూ అయిపోయింది.
మచానో రాలేదు.